పసినాటి రక్తం పదిలం

పుట్టిన ఆరు నెలలకే తెరమరుగు కావాల్సిన హిమోగ్లోబిన్ కొందరి ఒంట్లో జీవితాంతం ఉండిపోతుంది. దానివల్ల వాళ్లకు ఏ కష్టమూ లేదు. విశాఖ మన్యంలోని సికిల్ సెల్ బాధితుల మీద నొప్పి దెబ్బను తగ్గిస్తున్నదీ, ప్రపంచంలోని కొత్త జన్యుచికిత్సలకు దారి చూపించిందీ అదే హిమోగ్లోబిన్.

ఆశ్రమ పాఠశాల వరండాలో పిల్లలు బారు తీరి నిలబడ్డారు. అందరికంటే ముందున్న పాప ఉంగరపు వేలిని నర్సమ్మ స్పిరిట్ దూదితో తుడిచి టక్కున గుచ్చింది. పాప కళ్లు గట్టిగా మూసుకుంది గానీ చెయ్యి వెనక్కి లాక్కోలేదు. వెనకున్నవాళ్లంతా చూస్తున్నారు మరి. వేలి కొసన లేచిన రక్తపు బొట్టును సన్నగొట్టంతో పీల్చి, మందునీళ్లున్న గాజు నాళికలో వదిలి, మూతపెట్టి ఆడించి పక్కన పెట్టారు. అయిదు నిమిషాలయ్యాక నల్లగీతలు గీసిన తెల్లకాగితం ముందు ఆ నాళికను పట్టుకుని చూశారు. గీతలు ఇవతలికి స్పష్టంగా కనిపిస్తే గండం లేనట్టే. ద్రవం చిక్కబడి గీతలు మాయమైతే మాత్రం రిజిస్టర్లో ఆ పేరుకు ఎదురుగా ఒక గుర్తు పడుతుంది. మళ్లీ రక్తం తీసి పెద్ద పరీక్షకు పంపిస్తారు.

పాడేరు, అరకు, చింతపల్లి వైపు ఇది ఇప్పుడు అందరికీ అలవాటైన దృశ్యం. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రధాని ప్రారంభించిన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద దేశంలోని గిరిజన ప్రాంతాల్లో నలభై ఏళ్ల లోపువాళ్లను 7 కోట్ల మందిని పరీక్షించాలన్నది లక్ష్యం. 2047 నాటికి ఈ జబ్బును ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలన్నది సంకల్పం. అందుకే కొండ మీది ఊళ్లలో ఎవరిని కదిపినా ‘సికిల్’ మాట వినబడుతోంది.

ఆ మాటతోపాటే ఒక ప్రశ్న కూడా. ఇంట్లో ఇద్దరు పిల్లలకూ ఒకటే జబ్బని రిపోర్టు వస్తుంది. ఒకడికి నెల తిరక్కుండా ఒళ్లంతా నొప్పులు, కళ్లు పచ్చబడటం, ఆసుపత్రి మంచం. రెండోవాడు పొలం పనులు చేసుకుంటూ, సంతకెళ్తూ తిరుగుతుంటాడు. “పెద్దోడికేటీ అవలేదు బాబూ, సిన్నోడికే ఎందుకిలగ?” అన్నది సికిల్ సెల్ చూసే ఏ డాక్టరుకైనా తప్పని ప్రశ్న. దానికి ఉన్న జవాబుల్లో అన్నిటికంటే బలమైనది పసినాటి హిమోగ్లోబిన్.

ఖనిజం దిగే దారిలోనే

విశాఖ ఓడరేవుకూ ఉక్కు కర్మాగారానికీ బైలదిల్లా కొండల నుంచి ఇనుప ఖనిజం వస్తుంది. కొత్తవలస–కిరండూల్ లైను అందుకోసం వేసిందే. దంతెవాడ, జగదల్‌పూర్, కోరాపుట్, అరకు, శిమిలిగూడ, బొర్రా మీదుగా సొరంగాల్లో దూరి దిగే ఆ దారిని పటం మీద వేలితో గీయండి. మధ్యభారతం నుంచి తూర్పు కనుమల దాకా పరచుకున్న సికిల్ సెల్ పట్టీలో చాలా మేర మీ వేలి కిందికి వస్తుంది. ఖనిజం బండ్లు నడిచే పట్టాల మీదే ప్రయాణికుల రైలూ నడుస్తుంది. అందులో వైద్యం కోసం దిగేవాళ్లు వచ్చి చేరేది 1923లో మొదలైన విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)కే. పనుల కోసం దిగి గాజువాక వైపు, పారిశ్రామిక వాడల్లో స్థిరపడినవాళ్లూ తక్కువేం కాదు. సికిల్ సెల్ కొండవాళ్ల జబ్బు, నగరానికి సంబంధం లేదు అనుకునేవాళ్లు తమ వీధిని ఒకసారి చూసుకోవాలి.

ఈ పట్టీలోనే ఎందుకు? దోమ వల్ల. తెల్లదొరలను కూడా హడలెత్తించిన మన్యం జ్వరం ఇక్కడ తరతరాలుగా కాపురముంది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే సికిల్ జన్యువు అందుకున్న బిడ్డకు ప్రాణాంతక మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుందని 1954లో ఆంథొనీ ఎలిసన్ ఆఫ్రికాలో నిరూపించాడు. ఆ రక్షణ కారణంగానే జన్యువు తరాల వెంట నిలిచింది. ఇద్దరి నుంచీ అందుకున్న బిడ్డకు మాత్రం అదే శాపమైంది. మన దేశంలో ఈ జన్యువును మొదటిసారి 1952లో నీలగిరి కొండల్లో గుర్తించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని మానవశాస్త్ర, మానవ జన్యుశాస్త్ర పరిశోధకులకు మన్యం తెగలు దశాబ్దాలుగా అధ్యయన క్షేత్రం.

కడుపులో ఒకటి, బయట ఒకటి

తల్లి కడుపులో బిడ్డ ఊపిరి పీల్చదు. మాయ దగ్గర తల్లి రక్తం నుంచే ఆక్సిజన్ లాక్కోవాలి. లాక్కోవాలంటే బిడ్డ హిమోగ్లోబిన్‌కు తల్లి హిమోగ్లోబిన్ కంటే పట్టు ఎక్కువుండాలి. ప్రకృతి ఆ ఏర్పాటు చేసిపెట్టింది. గర్భస్థ శిశువు రక్తంలో ఉండేది ‘హిమోగ్లోబిన్ ఎఫ్’. రెండు ఆల్ఫా గొలుసులు, రెండు గామా గొలుసులు కలిస్తే అది తయారవుతుంది. పుట్టే వేళకు ఒంట్లో గామా తయారీ తగ్గి బీటా తయారీ అందుకుంటుంది. ఆల్ఫా, బీటా కలిసిన ‘హిమోగ్లోబిన్ ఎ’ మనకు జీవితాంతం తోడుంటుంది.

ఆల్ఫా తప్ప మిగతా గొలుసుల జన్యువులన్నీ 11వ క్రోమోజోము మీద ఒకే వరుసలో ఉంటాయి. ముందు పిండదశలో పనిచేసేది, తర్వాత రెండు గామాలు, ఆపైన డెల్టా, చివర బీటా. బిడ్డ ఎదిగే క్రమమూ ఇదే వరుస. సికిల్ సెల్ తప్పు ఉన్నది చివరి బీటాలో. ఒక్క అక్షరం మారి, గొలుసులో ఆరో స్థానంలోని గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ వచ్చి కూర్చుంటుంది. ఆక్సిజన్ వదిలేశాక అలాంటి హిమోగ్లోబిన్లు ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి కడ్డీలవుతాయి. ఎర్రకణం కొడవలిలా వంగి, గట్టిపడి, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. ఎముకల్లో పుట్టే ఆ నొప్పిని చూసినవాళ్లెవరూ మర్చిపోలేరు.

గామా గొలుసు ఉన్న హిమోగ్లోబిన్ ఈ కడ్డీలో చేరదు. పిల్లల గొలుసాటలో మధ్యలో ఒకరు చెయ్యి ఇవ్వకపోతే గొలుసు అక్కడే తెగిపోయినట్టు, ఎఫ్ ఉన్నచోట కడ్డీ సాగదు. ఒక కణంలో ఎఫ్ ఎంత ఎక్కువుంటే ఆ కణం వంగే అవకాశం అంత తక్కువ.

> లెక్కలు చూస్తే...
> పుట్టినప్పుడు బిడ్డ హిమోగ్లోబిన్‌లో 60 నుంచి 80 శాతం ఎఫ్ రకమే. ఆరు నెలలకు చాలా వరకు తగ్గిపోతుంది. పెద్దవాళ్లలో మామూలుగా 1 శాతం లోపు.
> మామూలు ఎర్రకణం ఆయువు సుమారు 120 రోజులు. సికిల్ సెల్ రోగి కణానిది 10–20 రోజులే. రక్తం ఎప్పుడూ తక్కువగా ఉండటానికి అదే కారణం.
> నాళికలో చేసే పరీక్ష ఆరు నెలల లోపు పసిబిడ్డలకు పనికిరాదు. ఎఫ్ మాటున సికిల్ దాక్కుని ‘లేదు’ అని తప్పుడు జవాబొస్తుంది.

పుడకల దాకా పోనిది

పుట్టుకతో వచ్చింది పుడకలతో గానీ పోదని మన పెద్దలంటారు. హిమోగ్లోబిన్ ఎఫ్ విషయంలో చాలామందిలో అది తప్పు, కొందరిలో మాత్రం అక్షరసత్యం. ఆరోగ్యంగా తిరిగే పెద్దవాళ్ల రక్తంలో 10, 20, 30 శాతం కూడా ఎఫ్ ఉండటాన్ని 1955లో ఎడింగ్టన్, లేమన్ అనే ఇద్దరు వైద్యులు పశ్చిమాఫ్రికాలోని గోల్డ్‌కోస్ట్‌లో, అంటే నేటి ఘనాలో, గుర్తించి రాశారు. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు సంక్రమించే ఈ స్థితిని వైద్యులు హెచ్‌పీఎఫ్‌హెచ్ అంటారు. జబ్బు కాదు. మందు అక్కర్లేదు. చాలామందికి తమకు అది ఉన్నట్టే తెలియదు.

ఇది రెండు దారుల్లో వస్తుంది. మొదటి దారిలో డెల్టా, బీటా జన్యువులున్న పెద్ద ముక్క ఊడిపోతుంది. వాటి అవతల ఎక్కడో దూరంగా ఉన్న ప్రేరక భాగం గామా పక్కకు వచ్చి చేరి, దాన్ని ఆగకుండా పనిచేయిస్తుంది. ఇలా ఊడిపోయే రకాల్లో మూడోదానికి వైద్య గ్రంథాల్లో ‘భారతీయ రకం’ అనే పేరుంది. అందులో పోయే భాగం సుమారు 50 వేల అక్షరాలు. అంత పోయినా మనిషి నిక్షేపంగా ఉంటాడు. రెండో దారిలో ఏదీ ఊడదు. గామా జన్యువుకు ముందుండే నియంత్రణ భాగంలో ఒకే ఒక్క అక్షరం మారుతుంది.

తల్లి నుంచీ తండ్రి నుంచీ మొదటి రకాన్నే అందుకున్నవాళ్లలో బీటా ఊసే ఉండదు. ఒంట్లో ఉన్నదంతా పసినాటి హిమోగ్లోబినే. ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుని తేలిగ్గా వదలదు కాబట్టి శరీరం ఎర్రకణాలను కొంచెం ఎక్కువ తయారుచేసుకుని సర్దుకుంటుంది. ఇలాంటి స్త్రీలు గర్భం దాల్చి, ఆరోగ్యవంతమైన పిల్లల్ని కన్న దాఖలాలున్నాయి. తల్లి హిమోగ్లోబిన్ కంటే బిడ్డ హిమోగ్లోబిన్‌కు పట్టు ఎక్కువుండి తీరాలన్న పాఠం చదివిన నాకు ఇది ఇప్పటికీ అబ్బురమే.

ప్రయోగశాలలో స్లైడు మీద ఈ తేడా కళ్లకు కడుతుంది. 1957లో జర్మనీలో క్లైహావర్, బెట్కే కనిపెట్టిన పద్ధతి ఇది. గాజుపలక మీద పరిచిన రక్తాన్ని ఆమ్లంలో ముంచితే పెద్దల హిమోగ్లోబిన్ కరిగి కారిపోతుంది. కణం పాలిపోయి ఉత్త పొర మిగులుతుంది. ఎఫ్ ఉన్న కణం మాత్రం రంగు పట్టి నిండు గులాబీగా నిలబడుతుంది. సికిల్ సెల్ రోగి స్లైడులో పాలిపోయిన పొరల మధ్య అక్కడక్కడా గులాబీ చుక్కలు. ముక్క ఊడిపోయిన హెచ్‌పీఎఫ్‌హెచ్ మనిషి స్లైడులో ఈ కొస నుంచి ఆ కొస దాకా ప్రతి కణానికీ రంగు. ఇద్దరి రిపోర్టులోనూ 20 శాతమే ఉండొచ్చు. ఒకరిలో అది కొన్ని కణాలకే దక్కింది, మరొకరిలో అందరికీ పంచారు. సికిల్ జన్యువు ఒకవైపు నుంచీ ఈ హెచ్‌పీఎఫ్‌హెచ్ మరోవైపు నుంచీ అందుకున్నవాళ్లు దాదాపు ఏ బాధా లేకుండా బతకడానికి ఈ పంపకమే కారణం.

బ్రూక్లిన్ నుంచి బుర్లా దాకా

సికిల్ తల్లులకు పుట్టిన పసికందుల కణాలు పెద్దవాళ్ల కణాల్లా వంగడం లేదని 1948లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో జానెట్ వాట్సన్ అనే పిల్లల డాక్టరు గమనించింది. పసినాటి హిమోగ్లోబినే వాళ్లను కాపాడుతోందని ఊహించింది. అప్పటికి జన్యువుల్ని చదివే యంత్రాల్లేవు. సూక్ష్మదర్శిని, ఓపిక, గమనింపు, అంతే. ఆ తర్వాత వచ్చిన వైద్యమంతా ఆ డాక్టరమ్మ ఊహ మీద లేచినదే.

1970ల మొదట్లో సౌదీ అరేబియా తూర్పు ప్రాంతంలో సికిల్ సెల్ ఉన్నా అంతగా బాధపడని వాళ్లను గుర్తించారు. ఎఫ్ ఎక్కువ. 1986లో ఒడిశాలోని బుర్లా వైద్య కళాశాలకు చెందిన బి.సి.కర్ బృందం అక్కడి రోగుల్ని జమైకా రోగులతో పోల్చి ‘లాన్సెట్’ పత్రికలో రాసింది. ఒడిశా రోగుల్లో ఎఫ్ చాలా ఎక్కువని తేలింది. అదే ఏడాది కులోజిక్ బృందం జన్యు ఆనవాళ్లు పోల్చి, ఆసియాలోని సికిల్ జన్యువు ఆఫ్రికా నుంచి వచ్చింది కాదు, ఇక్కడే విడిగా పుట్టిందని చెప్పింది. ‘అరబ్–ఇండియన్’ రకమని దాని పేరు. గామా జన్యువుకు ముందు ఒక అక్షరం మార్పు దానికి జోడుగా వస్తుంది. ఆరోగ్యవంతుల్లో ఆ మార్పు పెద్దగా పనిచేయదు. రక్తం తరిగి ఎముక మజ్జ ఆదరాబాదరాగా కణాలు తయారుచేస్తున్నప్పుడు మాత్రం ఎఫ్‌ను పెంచుతుంది.

భారతీయ కుటుంబాల చేయి ఈ కథలో ఇంకోచోటా ఉంది. లండన్‌లో స్వీ లే థైన్ బృందం భారత సంతతికి చెందిన ఒక కుటుంబంలో ఏడు తరాలకు చెందిన 200 మందికి పైగా రక్తాన్ని పరిశీలించింది. ఎఫ్‌ను పెంచే మీట ఒకటి 11వ క్రోమోజోములో కాక ఆరో క్రోమోజోములో ఉందని 1996లో దాంతోనే బయటపడింది. 2007, 2008ల్లో రెండో క్రోమోజోము మీద బీసీఎల్11ఎ అనే జన్యువు దొరికింది. పుట్టుక తర్వాత గామాను అణచిపెట్టే ప్రధాన ప్రోటీన్ దీనిదే. 2018లో చిక్కుముడి పూర్తిగా వీడింది. గామా ముందు కొన్నిచోట్ల ఒక్క అక్షరం మారితే ఎఫ్ ఎందుకు నిలిచిపోతుందంటే, బీసీఎల్11ఎ వచ్చి కూర్చునే చోటు సరిగ్గా అక్కడే చెడిపోతోంది.

తేలికపాటి జబ్బా?

ఈ శాస్త్రాన్నంతా తిరగేసి ‘మనవాళ్లకు ఎఫ్ ఎక్కువ, జబ్బు తేలిక’ అని చేతులు దులుపుకునేవాళ్లున్నారు. ఆ మాట నాకు మింగుడుపడదు. సగటున తేలిక కావచ్చు. నొప్పితో మెలికలు తిరుగుతున్న బిడ్డకు సగటుతో ఏం పని? మన దేశపు రోగుల్లోనూ తుంటి ఎముక కుళ్లిపోయి కుంటడం, ప్లీహం ఉబ్బి పొట్ట ఎడమవైపు గట్టిగా తగలడం, ఊపిరితిత్తులు దెబ్బతిని ప్రాణం మీదికి రావడం ఉన్నాయి. లంబసింగి వైపు డిసెంబరు చలి, ఎండలో నీళ్లు తాగకుండా చేసే బరువు పని, ఒక చిన్న జ్వరం, వీటిలో ఏది తగిలినా నొప్పి తిరగబెడుతుంది.

ఎఫ్‌ను పెంచే మందు ఉంది. చవకైనది కూడా. హైడ్రాక్సీయూరియాను 1869లోనే తయారుచేశారు. చాలాకాలం రక్తకేన్సర్‌కు వాడారు. అది ఎఫ్‌ను పెంచుతుందని 1980ల్లో గుర్తించారు. నొప్పి దాడుల్ని సుమారు సగానికి తగ్గిస్తుందని 1995లో అమెరికాలో పెద్ద అధ్యయనం తేల్చాక 1998లో సికిల్ సెల్‌కు అక్కడ అనుమతి వచ్చింది. కిలో బరువుకు రోజుకు 10 మిల్లీగ్రాముల తక్కువ మోతాదు కూడా ఇక్కడి రోగులకు బాగా పనిచేస్తోందని ఒడిశా, నాగ్‌పూర్ వైద్యులు చూపించారు. మధ్యమధ్య రక్తకణాలు లెక్కపెట్టించుకోవాలి, గర్భిణులు డాక్టరు చెప్పందే వాడకూడదు. ఈ జాగ్రత్తలు తీసుకోగలిగితే మన్యానికి ఇంతకంటే అందుబాటులో ఉన్న వైద్యం వేరే లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బాధితులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. ఎంతో మేలే. మాత్ర అయిపోయిన రోజున మళ్లీ మాత్ర దొరికే ఉప ఆరోగ్య కేంద్రం ఊరి దగ్గర్లో ఉండటం దానికంటే పెద్ద మేలు.

> కోతతో కొత్త దారి
> హెచ్‌పీఎఫ్‌హెచ్ మనుషుల్లో ప్రకృతి చేసిన పనిని వైద్యులు అనుకరించారు. రోగి మజ్జ మూలకణాల్లో బీసీఎల్11ఎను ఎర్రకణాల్లో నడిపే భాగాన్ని క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో కోసి, ఆ కణాల్ని తిరిగి ఎక్కిస్తారు. ఆ చికిత్స పేరు కాస్‌జెవీ. బ్రిటన్‌లో 2023 నవంబరులో, అమెరికాలో డిసెంబరులో అనుమతి వచ్చింది. లెక్కలోకి తీసుకున్న 31 మందిలో 29 మందికి కనీసం ఏడాదిపాటు తీవ్రమైన నొప్పి దాడి రాలేదు. ధర 22 లక్షల డాలర్లు. చికిత్సకు ముందు మజ్జను ఖాళీచేసే కీమోథెరపీ తప్పదు.
> వెల్లూరు మూలకణ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు డీఎన్‌ఏను తెంచకుండా అక్షరం మార్చే పద్ధతితో గామా ముందు హెచ్‌పీఎఫ్‌హెచ్ తరహా మార్పుల్ని చేసి, ఎఫ్‌ను పెంచేవాటిని గుర్తించారు. ఢిల్లీలోని ఐజీఐబీ పరిశోధన సంస్థ రూపొందించిన సికిల్ సెల్ జన్యుచికిత్సకు ‘బిర్సా 101’ అని బిర్సా ముండా పేరు పెట్టి 2025 నవంబరులో ప్రకటించారు.

రిపోర్టులో మొదటి శిఖరం

హెచ్‌పీఎల్‌సీ అనే ఆ పెద్ద పరీక్ష రిపోర్టు చేతికొస్తే అందులో కొండల వరుసలాంటి గ్రాఫు ఉంటుంది. ఎడమ చివర, ఒక నిమిషం గుర్తు దగ్గర లేచే శిఖరం ఎఫ్‌ది. మధ్యలో ఎత్తుగా ఉండేది ‘ఎ’. నాలుగు నిమిషాలు దాటాక కనిపించేది సికిల్. చాలామంది చివరి శిఖరం ఉందా లేదా అని మాత్రమే చూసి కాగితం మడిచేస్తారు. మొదటి శిఖరం ఎత్తెంతో బాధితుల కార్డు మీద రాయాలి, దాని అర్థం కుటుంబానికి వాళ్ల భాషలో చెప్పాలి. ఎవరికి మందు తొందరగా మొదలుపెట్టాలో, మందు పనిచేస్తోందో లేదో తెలిసేది చాలావరకు ఆ అంకెతోనే.

ఎఫ్ ఎక్కువని తేలిన ఆరోగ్యవంతులకు ఇంకో చిక్కుంది. గర్భిణులకు చేసే పరీక్షల్లో, పెళ్లికి ముందు పరీక్షల్లో ఎఫ్ 20 శాతం కనబడగానే ‘తలసీమియా క్యారియర్’ అని రాసేస్తే సంబంధాలు ఆగిపోతాయి, అనవసర భయాలు మొదలవుతాయి. నిజానికి డెల్టా–బీటా తలసీమియా అనే స్థితిలోనూ ఎఫ్ పెరుగుతుంది. దాన్నీ హెచ్‌పీఎఫ్‌హెచ్‌నీ విడదీయాలంటే కణాల పరిమాణం, స్లైడు మీద ఎఫ్ పంపకం, చివరికి డీఎన్‌ఏ పరీక్ష చూడాలి. మొదటిది సికిల్ జన్యువుతోనో బీటా తలసీమియాతోనో జతకూడితే బిడ్డకు జబ్బు రావచ్చు. రెండోదైతే చాలావరకు భయం లేదు. ఒకే అంకె వెనక ఇంత తేడా ఉంది.

మేనరికాలు మనకు మామూలే కనుక ఈ తేడా తెలుసుకోవడం మరీ అవసరం. మేనరికం జబ్బును పుట్టించదు. ఒకే తాత నుంచి వచ్చిన జన్యువు రెండువైపులా కలిసే అవకాశాన్ని పెంచుతుంది. భార్యాభర్తలిద్దరూ సికిల్ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అందుకని ఎఫ్ ఎక్కువని రాసిన కాగితం ఎవరి చేతికొచ్చినా, దాన్ని పట్టుకుని పెళ్లి మానుకోవడమో గర్భం తీయించుకోవడమో చేయకుండా ముందు తల్లిదండ్రులకూ, వీలైతే తోబుట్టువులకూ అదే పరీక్ష చేయించి, అన్ని రిపోర్టులూ కలిపి రక్తవ్యాధుల వైద్యుడికి చూపించాలి. రక్తం ఎక్కించుకున్నవాళ్లయితే మూడు నెలలు ఆగి చేయించుకోవాలి. లేకపోతే ఆ కాగితంలో దాత హిమోగ్లోబిన్ కూడా కలిసి కనిపిస్తుంది.